తూదీ తాత ఇచ్చిన గ్రాఫిక్స్ కార్డు

పెళ్ళి తొందరపడి చేసుకోవచ్చు. ఇల్లు చూడకుండానే అద్దెకు తీసుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఎంచుకునేటప్పుడు మాత్రం మనిషి తన సొంత బుద్ధిని నమ్ముకోకూడదు. తైపే నగరంలో దీన్ని ఎవరూ చట్టంగా రాయలేదు. రాయకుండానే అందరూ పాటిస్తుంటే ఇక చట్టం దేనికి?

జియెన్ వాన్‌రూకి ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆమె వీడియోలు ఎడిట్ చేసి బతుకుతుంది. పెళ్ళిళ్ళు, పళ్ళ డాక్టర్ల ప్రకటనలు, రిటైరవుతున్న హెడ్మాస్టర్ల జీవిత విశేషాలు ఆమె చేతి మీదుగా పోతుంటాయి. ఈ వసంతంలో మొదటిసారి నలుగురికీ చెప్పుకోదగ్గ పని దొరికింది. సముద్రపొడ్డున ఓ చిన్న పట్నంలో మాజు అమ్మవారి ఊరేగింపును సినిమాగా తీయాలి. తీయడం అయిపోయింది. టపాసులు, డప్పులు, పల్లకీ కిందనుంచి పాకి వెళ్ళిన భక్తులు, అందరూ హార్డ్ డిస్కులో క్షేమంగా ఉన్నారు. ఇక దాన్నంతా కత్తిరించి, రంగులు దిద్ది, అమ్మవారి పుట్టినరోజుకి గుడిలో అప్పజెప్పాలి. అప్పజెబితే ఏటా ఆ పని వాన్‌రూదే. లేకపోతే గుడి కమిటీ అధ్యక్షుడు లియావ్ గారి మేనల్లుడిది. మేనల్లుడి దగ్గర డ్రోన్ ఉంది. (డ్రోన్ ఉన్న మేనల్లుడు లేకుండా ఈ దీవిలో ఇంతవరకూ ఏ గుడి కమిటీ ఏర్పడలేదు.)

వాన్‌రూ దగ్గరున్నది కాలేజీ రోజుల కంప్యూటర్. పొగలో అమ్మవారి ముఖం కాస్త తేటగా చెయ్యమంటే, అది ముందు ఆలోచిస్తుంది, తర్వాత ఫ్యాన్ రొద పెడుతుంది, ఆ తర్వాత తెర నల్లగా చేసుకుని మౌనవ్రతం పడుతుంది. కొత్తది కట్టించుకోక తప్పదని తేలింది.

ఆమె భర్త హావ్‌రుయ్ ఎంతో సానుభూతి చూపించాడు. నీ పని కోసం పెద్ద కార్డే తీసుకుందాం, నాకేం అక్కర్లేదు, నేనెప్పుడైనా ఓ అరగంట ఆడుకుంటే ఆడుకుంటాను, లేకపోతే లేదు అన్నాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆ అరగంట పొడవు ఎంతో వాన్‌రూకి తెలుసు. అయినా సగం డబ్బు అతనిది కాబట్టి ఊరుకుంది.

ఇక్కడ కంప్యూటర్ కట్టించుకోవాలంటే ముందు మెనూ రాయాలి. ఏ ప్రాసెసరు, ఎంత మెమరీ, ఏ కార్డు, అన్నీ హోటల్లో పదార్థాల్లా వరసగా రాసి ఇంటర్నెట్ చర్చావేదికలో పెట్టాలి. అప్పుడు జన్మలో ముఖం చూడని పెద్దమనుషులు వచ్చి మన పళ్ళెంలోంచి ఒక్కొక్కటే తీసి అవతల పడేస్తారు. ఇది అవమానం కాదు, పద్ధతి.

వాన్‌రూ వినయంగా రాసింది: పని ఎడిటింగ్, సాయంత్రాలు ఆటలు, పెద్దలు దయచేసి చూడగలరు. మొదటి పెద్దమనిషి వచ్చి పవర్ సప్లై మార్చమన్నాడు. రెండో ఆయన పవర్ సప్లై ఒక్కటే సరిగ్గా ఉంది, మిగతావన్నీ మార్చమన్నాడు. ఎడిటింగ్‌కి మెమరీ ముఖ్యం, వేగం కాదని ఒకరు చెప్పారు. ఆటకి వేగం ముఖ్యం, మెమరీ కాదని ఇంకొకరు సరిదిద్దారు. ఇద్దరూ పోట్లాడుకుని ఒకరి చదువును ఒకరు ప్రశ్నించుకున్నారు. ఈలోగా మూడో ఆయన, రెండూ ముఖ్యమే గనక మోటారుబండి అంత ఖరీదున్న కార్డు కొనేస్తే ఏ గొడవా ఉండదని మధ్యస్తం చేశాడు. చివరికి అందరూ గౌరవించే సభ్యుడొకడు దిగివచ్చి, ఇప్పుడేదీ కొనొద్దు, వచ్చే శరత్తులో కొత్త తరం కార్డులు వస్తున్నాయి, ఆగమన్నాడు. విచారిస్తే, ఆ సభ్యుడు హైస్కూలు నుంచీ కొత్త తరం కోసం ఆగుతూనే ఉన్నాడట. సొంత కంప్యూటర్ లేదు. సలహాలన్నీ ఫోన్‌లోంచే.

ఇంత జరిగాక భార్యాభర్తలు ఓ ఒప్పందానికి వచ్చారు. అన్నిటికన్నా పెద్దదానికి ఒక మెట్టు కింద, పదహారు గిగాబైట్ల మెమరీ ఉన్న కార్డు. రంగులూ దిద్దుతుంది, రాక్షసుల్నీ చంపుతుంది. ఎంపిక పూర్తయిందనుకుని ఇద్దరూ ఆ సాయంత్రం బయట ఆయిస్టర్ ఆమ్లెట్ తిని వచ్చారు.

మర్నాడు బజారుకెళితే తెలిసింది, కార్డును ఎంచుకోవడం మొదటి అంకం మాత్రమేనని. ఆ తర్వాత కార్డు వాళ్ళని ఎంచుకోవాలి.

కార్డు విడిగా అమ్మరు. మొత్తం కంప్యూటర్‌తో కలిపే ఇస్తారు. అదీ అద్దాల గోడలున్న పెట్టెలో బిగించి, లోపల రంగురంగుల దీపాలు పెట్టి. బజార్లో ఆ పెట్టెను ‘సముద్రం కనిపించే గది’ అంటారు. వాన్‌రూ వాళ్ళ గది కిటికీ తెరిస్తే పక్కింటి ఏసీ వెనకభాగం కనిపిస్తుంది. పోనీ, కార్డుకైనా సముద్రం దక్కుతుందని ఒప్పుకున్నారు.

అప్పుడు దుకాణంలో అమ్మాయి, అయితే మూడో అంతస్తుకు వెళ్ళి ఉపసంఘాన్ని కలవమంది.

మూడో ఎలక్ట్రానిక్స్ బజారు వర్తక సంఘానికి గ్రాఫిక్స్ కార్డుల న్యాయ పంపిణీ ఉపసంఘం అని ఒకటుంది. కార్డులు తక్కువ, కావలసినవాళ్ళు ఎక్కువ కాబట్టి మొదట్లో వాళ్ళు ఆన్‌లైన్‌లో లాటరీ తీసేవారు. ఒకసారి గెలిచినవాళ్ళందరి పేరూ ఒకటే, పుట్టినరోజూ ఒకటే, బటన్ నొక్కిన క్షణమూ ఒకటే అని బయటపడింది. గెలిచింది మనిషి కాదు, ప్రోగ్రాము. ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై, మనిషి చేయగలిగి ప్రోగ్రాము చేయలేనిది ఏమిటని సుదీర్ఘంగా చర్చించింది. మోకాళ్ళ మీద కూర్చోవడం అని తేలింది.

ఆనాటి నుంచి కార్డులను తూదీ తాత పంచుతున్నాడు.

తూదీ తాత ఆ పేట వ్యాపారాలు చూసుకునే దేవుడు. తెల్లగడ్డం, చేతిలో బంగారు ముద్ద. మూడో అంతస్తులో ఎస్కలేటర్‌కీ ఫోన్ కవర్ల దుకాణానికీ మధ్య ఆయన మందిరం ఉంది. ఆయన ముందు ఒక పక్క చదునుగా, ఇంకో పక్క ఉబ్బుగా ఉండే చంద్రవంకల్లాంటి రెండు ఎర్ర చెక్కలు వెయ్యాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఔనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే దేవుడు నవ్వుతున్నట్టు; అంటే నువ్వడిగింది ఆయనకి అర్థం కాలేదు, లేదా బాగా అర్థమైంది. వరసగా మూడుసార్లు ఔనంటే కార్డు నీది. (ఈ బాధ్యత తీసుకుంటావా అని తాతను కూడా ఇదే పద్ధతిలో అడిగారు. రికార్డుల ప్రకారం నాలుగుసార్లు నవ్వి, తర్వాత ఒప్పుకున్నాడు.)

నియమాలు న్యాయంగానే ఉన్నాయి. చెక్కలను గుండెకన్నా ఎత్తునుంచి వెయ్యరాదు. ఎస్కలేటర్ మీద పడ్డ చెక్క ఏ అంతస్తులో ఆగితే ఆ అంతస్తు తీర్పే చెల్లుతుంది. చెక్క నిలువుగా నిలబడితే వీడియోలో నెమ్మదిగా తిప్పి చూడాలి. గతనెల ఒక చెక్క అలాగే నిలబడింది. చూద్దామంటే ఉపసంఘం ఆఫీసు కంప్యూటర్లో మంచి కార్డు లేక బొమ్మ కదల్లేదు. దాంతో ఉపసంఘం కూడా ఒక కార్డు కోసం అదే వరసలో నిలబడింది. రాలేదు.

వాన్‌రూ దంపతులు వారం పాటు ఇంట్లో చెప్పులతో సాధన చేశారు. హావ్‌రుయ్‌కి చెయ్యి బాగా కుదిరింది. ఒకసారి వరసగా తొమ్మిది ఔనులు వేశాడు. కానీ దరఖాస్తు వాన్‌రూ పేరు మీద ఉంది.

ఆ రోజు మందిరం ముందు జనం ఎస్కలేటర్ దాకా ఉన్నారు. ఉపసంఘం కార్యదర్శి ఫాంగ్ గారు టై కట్టుకుని, చేతిలో మైకు పెట్టుకుని కూర్చున్నారు. మామూలు రోజుల్లో ఆయన పగిలిన ఫోన్ తెరలు మారుస్తారు. వాన్‌రూ ముందున్న లెక్చరరు అన్నిటికన్నా పెద్ద కార్డు కోరి, పరిశోధన కోసమని తాతకు విన్నవించుకున్నాడు. తాత నవ్వాడు. వాతావరణ పరిశోధన అని సవరించాడు. తాత ఇంకా నవ్వాడు. ఫాంగ్ గారు సానుభూతిగా మైకు దించేశారు.

వాన్‌రూ మోకాళ్ళ మీద కూర్చుంది.

“పేరు, పుట్టినరోజు, చిరునామా, కోరిక. గట్టిగా చెప్పమ్మా. నాక్కాదు, ఆయనకి,” అన్నారు ఫాంగ్ గారు.

ఆమె కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు నాలుగూ గబగబా చెప్పి చెక్కలు వేసింది. రెండూ వెల్లకిలా.

“నవ్వాడంటే నీ ప్రశ్న తేలలేదన్నమాట. ఎడిటింగా, ఆటా?”

రెండూనని చెప్పి మళ్ళీ వేసింది. తాత మళ్ళీ నవ్వాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. హావ్‌రుయ్ ఆమె చెవి దగ్గర వంగి, ఎడిటింగ్ అనవే, ఎడిటింగ్ అను అని గొణిగాడు. మందిరం మైకు మంచిది కాబట్టి అది మూడో అంతస్తంతా వినపడింది.

“ఆయన దగ్గర ఇలాంటివి నడవవు బాబూ,” అన్నారు ఫాంగ్ గారు. “ఉన్నదున్నట్టు చెప్పమ్మా.”

వాన్‌రూ చెక్కలు మళ్ళీ ఏరుకుంది. “తాతా, అమ్మవారి సినిమా పుట్టినరోజుకి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని డ్రోన్ వాడికి పోతుంది. అది నా గోల. ఈయనేమో అరగంటని కూర్చుని తెల్లారేదాకా లేవడు. అది ఈయన గోల. రెండు కార్డులు కొనే స్తోమత లేదు. అందుకే ఒక్కటే అడుగుతున్నా.”

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. ఫోన్ కవర్లావిడ చప్పట్లు కొట్టింది. లెక్చరరు వరస చివరికి వెళ్ళి నిజం చెప్పడం ఎలాగో ఆలోచించుకోవడం మొదలెట్టాడు.

కట్టిన కంప్యూటర్‌ను ఇంటికే పంపిస్తామన్నారు. వారమంతా హావ్‌రుయ్ వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా లేచాడు. వారం చివర తలుపు మోగలేదు గానీ ఫోన్ మోగింది. ఇక్కడికి నూట యాభై మైళ్ళ దిగువన, జియాయి పట్నంలో పొద్దుటి ఫలహారాల కొట్టు నడిపే ష్యూలాన్ పిన్ని.

“ఏమే వాన్‌రూ, నేనెప్పుడైనా చేపలు పెంచుతానన్నానా?”

“ఏంటి పిన్నీ?”

“అద్దాల తొట్టి పంపావుగా. లోపల దీపాలు కూడా ఉన్నాయి. బాగానే ఉందిలే. నీళ్ళు ఎక్కడనుంచి పొయ్యాలో తెలీక చెంబు పట్టుకుని నిలబడ్డా.”

“పిన్నీ, చెంబు కింద పెట్టు,” అంది వాన్‌రూ చాలా నెమ్మదిగా.

జరిగిందేమిటో అప్పుడు బోధపడింది. వాన్‌రూకి ఏడేళ్ళప్పుడు, పిన్ని వీధిలో బడి మంచిదని, వాళ్ళమ్మ ప్రభుత్వ రికార్డుల్లో ఆమె పేరును పిన్ని ఇంటి చిరునామా మీదికి మార్చింది. బడి అయిపోయింది, కాలేజీ అయిపోయింది, పెళ్ళి అయిపోయింది, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. తైపేలో అద్దె ఇంటికి మార్చుకుందామంటే ఇంటాయన ఒప్పుకోడు. ప్రభుత్వం దృష్టిలో ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు, అందుకే అద్దె రావడం లేదు, అందుకే ఆయన పన్ను కట్టడం లేదు. (ఈ నగరంలో సగం మంది కాగితం మీద ఒక ఊళ్ళో, మంచం మీద ఇంకో ఊళ్ళో కాపరముంటారు. జనాభా లెక్కలవాళ్ళు కాగితం మీద ఉన్నవాళ్ళనే నమ్ముతారు. వాళ్ళు ఎదురు మాట్లాడరు.) దేవుడి ముందు మోకరిల్లినప్పుడల్లా వాన్‌రూ నోటికి వచ్చేది చిన్నప్పుడు అలవాటైన ఆ చిరునామాయే. తాత విన్నాడు. ఉపసంఘం రాసుకుంది.

ఇద్దరూ బజారుకు పరిగెత్తారు. ఫాంగ్ గారు ఓపిగ్గా విన్నారు. ఆయన దగ్గర పగిలిన ఫోన్ ఒకటి పొట్ట విప్పుకుని ఉంది.

“చిరునామా నువ్వు ఆయనకి చెప్పావు. ఆయన మంజూరు చేశాడు. మధ్యలో నేనెవర్ని మార్చడానికి?”

బండేసుకుని మేమే వెళ్ళి తెచ్చుకుంటామని హావ్‌రుయ్ అన్నాడు. తెచ్చుకోవచ్చు, కానీ మంజూరైన చోటునుంచి కదిపితే వారంటీ పోతుందని ఫాంగ్ గారు చెప్పారు. చిరునామా మార్పు కావాలంటే అదే మందిరంలో, అదే పద్ధతిలో అడగాలి. అడిగారు. రెండూ బోర్లా. మళ్ళీ రెండూ బోర్లా. మూడోసారి కూడా.

“చాలా స్పష్టంగా ఉన్నాడు,” అన్నారు ఫాంగ్ గారు, కొంచెం గర్వంగానే. “ఇంత స్పష్టంగా ఆయన ఈ మధ్య ఎవరికీ చెప్పలేదు.”

అమ్మవారి పుట్టినరోజు దగ్గరపడుతోంది. వాన్‌రూ హార్డ్ డిస్కును చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని జియాయి రైలెక్కింది.

ఆమె వెళ్ళేసరికి అద్దాల పెట్టె కొట్టు వెనక గదిలో, బియ్యం బస్తాల పక్కన, వైభవంగా వెలుగుతోంది. అది చేపల తొట్టి కాదని పిన్నికి ఈపాటికి తెలిసిపోయింది. సోయాపాలు పోసే కుర్రాళ్ళెవరినో అడిగి ఒక యుద్ధం ఆట ఎక్కించుకుంది. దానికి ముందు ఆమె జీవితంలో ఆడింది ఫోన్లో పేకాటే. ఇప్పుడు ఆమె కింద ఒక దళం ఉంది. అందులో ఇద్దరు రిటైరైన పోస్ట్‌మాన్లు, ఒక నర్సు, ఎక్కడో దక్షిణాన పైనాపిల్ తోటలున్న ఒక ఆసామి. అందరూ ఆమెను సేనాపతి అంటున్నారు.

అందుచేత పంపకాలు జరిగాయి. పొద్దున కొట్టు నడిచినంతసేపు కంప్యూటర్ వాన్‌రూది. మధ్యాహ్నం పెనం కడగ్గానే పిన్నిది. అది న్యాయమేనా, ఇది నా బతుకుతెరువు కదా అని వాన్‌రూ వాదించబోయింది.

“నీది బతుకుతెరువే, కాదన్నానా? నా మీద కోట ఆధారపడి ఉందే,” అంది పిన్ని. “అయినా నీ ఎడిటింగ్‌కి మెమరీ చాలు. నాకు వేగం కావాలి.”

రెండు రోజులకు హావ్‌రుయ్ కూడా దిగాడు, భార్యకు సాయంగా ఉందామని. ఆ సాయంత్రమే పాత ల్యాప్‌టాప్‌లో పిన్ని దళంలో చేరాడు. ఆమె అతని చరిత్రంతా విని, ఆడిన ఆటలన్నీ అడిగి తెలుసుకుని, గోడకు రాళ్ళు మోసే పని ఇచ్చింది. కత్తి ఎప్పుడిస్తారని అడిగితే, “ముందు మొయ్యి అల్లుడూ, చూద్దాం” అంది.

వాన్‌రూ పొద్దుటిపూట గుడ్డు రొట్టెల వాసనలో పనిచేసింది. కార్డు మాత్రం మాట తప్పలేదు. పొగ చెయ్యి పెట్టి తీసినట్టు పక్కకు తొలగింది. అమ్మవారి కిరీటంలో ముత్యాలు వేలాడుతున్నాయి. పల్లకీ మోసేవాళ్ళ మెడ మీద చెమట, గాల్లోకి లేచిన ఎర్రటి టపాసు కాగితాలు, ఏ ముక్కకాముక్క కనిపిస్తోంది. పెనం కడుక్కుని తన వంతుకు వచ్చిన పిన్ని తెర ముందు ఆగిపోయింది. పల్లకీ కింద ఒక ముసలావిడ మోకాళ్ళ మీద పాకుతూ తల పైకెత్తిన చోట. సేనాపతి ఎక్కడని దళం పిలుస్తున్నా ఆమె కూర్చోలేదు.

“ఆవిడ కంట్లో అమ్మవారు కనిపిస్తోందే,” అంది చివరికి. ఆ మధ్యాహ్నం తన వంతు కూడా వాన్‌రూకే ఇచ్చేసింది. కోట పడిపోయింది. రాళ్ళన్నీ మళ్ళీ హావ్‌రుయ్ మోశాడు.

అమ్మవారి పుట్టినరోజు పొద్దునే సినిమా గుడికి చేరింది. లియావ్ గారు ఆవరణలో కమిటీ పెద్దలతో టీ తాగుతున్నారు. మేనల్లుడు డ్రోన్ సంచీతో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. గుడి ముందు మూడంతస్తుల ఎత్తున పెద్ద తెర ఉంది. వాన్‌రూ దాన్ని దృష్టిలో పెట్టుకునే సినిమా కత్తిరించింది. కానీ దాని మీద దాతల పేర్లు నడుస్తున్నాయి. వాటిని ఆపే అధికారం ఎవరికీ లేదు. ఆపితే ఎవరి పేరు దగ్గర ఆగుతుందో, వాళ్ళతో ఏడాదంతా పేచీ.

“మన ఫోన్ గ్రూపులో పెట్టెయ్యమ్మా, అందరం చూస్తాం,” అన్నారు లియావ్ గారు.

గ్రూపు తీసుకోలేదు. బరువెక్కువైంది. తగ్గించమన్నారు. తగ్గించింది. ఇంకా తగ్గించమంది ఫోను. ముత్యాలు పోయాయి. చెమట పోయింది. ముసలావిడ కన్ను పోయింది, ఆ తర్వాత ముసలావిడే ఒక మచ్చలా మిగిలింది. అప్పుడు గ్రూపు ఒప్పుకుంది.

లియావ్ గారు ఫోన్‌ను నిలువుగా పట్టుకుని చేతిని బారచాచారు. పెద్దలందరూ కళ్ళజోళ్ళు నుదుటి మీదికి నెట్టుకుని తలలు దగ్గర పెట్టారు. నల్లటి తెర మధ్యలో రెండు వేళ్ళ వెడల్పున అమ్మవారి ఊరేగింపు సాగింది. అయిపోయాక ఒకాయన ముక్కు చీదుకున్నాడు.

“చాలా బాగుందమ్మా. గుండె నిండిపోయింది,” అన్నారు లియావ్ గారు. “కానీ పైనా కిందా ఈ నలుపేంటి?”

“సినిమా అడ్డంగా ఉంటుంది బాబాయ్. ఫోన్ పక్కకి తిప్పితే నిండుగా కనిపిస్తుంది.”

ఆయన ముఖం గంభీరంగా మారింది. “అమ్మవారిని పక్కకి పడుకోబెట్టమంటావా?”

పెద్దలు అక్కడే తలలు కలిపి ఏకగ్రీవంగా తీర్మానించారు. పని వాన్‌రూదే, ఒక ఏడాదికి కాదు, మూడేళ్ళకు. షరతు ఒక్కటే: వచ్చే ఏడాది నుంచి ఫోన్‌తో, నిలువుగా తీయాలి.